పలక ఆరేదాకా

మా ఇంట్లో అన్నానికి ముందు ప్రశ్న ఉండేది. ఆకులు వేసేలోపు మా తాత పడసాలలో, వీధి గుమ్మానికి ఎదురుగా వేసి ఉండే తన టేకు కుర్చీలో కూర్చుని, ఇంటిల్లిపాదినీ పిలిచి తలా ఒకటి అడిగేవాడు. చెప్పినవాళ్లకు మొదటి పంక్తి. చెప్పలేనివాళ్లకు రెండో పంక్తి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకూ ఇదే చట్టం. మార్కాపురంలో మా ఇంటికి భోజనానికి వచ్చేవాళ్లు దారి పొడుగునా ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటూ వచ్చేవారని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

ప్రశ్న ఫలానాదాని మీదే ఉండాలని లేదు. సాలెపురుగుకు కాళ్లెన్ని? గాజు దేనితో చేస్తారు? ఏ జంతువు నిలబడి నిద్రపోతుంది? చంద్రుడికి సొంత వెలుగు ఉందా? కొన్ని తాత మనసులోంచి వచ్చేవి. ఎక్కువ భాగం మాత్రం ఆయన చెన్నపట్నం నుంచి తెప్పించుకున్న ఒక ఇంగ్లీషు పుస్తకంలోవి. ఎర్ర గుడ్డ అట్ట, లోపల అన్నీ ప్రశ్నలూ జవాబులూ, మొదటి పేజీలో తాత ముద్ర. ఒకసారి మా అవ్వను, మిరపకాయ ఏ దేశం నుంచి వచ్చిందని అడిగాడు.

"యాడ్నుంచో రావడమేంది? మా పుట్టింట్ల నా చేత్తోనే నాటినా" అంది అవ్వ.

"అమెరికా నుంచి వచ్చింది. రెండో పంక్తి."

"నీ పుస్తకం అమెరికాకు పోను! ఈ పొద్దు పచ్చడి నూరేది నేనే. మొదటి పంక్తికి మిరపకాయ ఉండదు, పోయి అమెరికాలో తెచ్చుకోండి" అంది. తాత అంతగా నవ్వడం నేను మళ్లీ చూడలేదు.

ఆ వేళకు రోజూ మా గుమాస్తా ఒకడు గడప అవతల నిలబడి ఉండేవాడు. చెప్పులు విడిచి, సంతకం కావలసిన కాగితాలు చేత పట్టుకుని, ప్రశ్నలు అయ్యేదాకా కదలకుండా వినేవాడు. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు ఒకనాడు తాత నన్ను, ఆకాశంలో ఉరుము ముందా మెరుపు ముందా అని అడిగాడు. రెండూ ఒకేసారి పుడతాయని నాకు తెలియదు. నేను తెల్లమొహం వేస్తే గడప అవతల నుంచి గుమాస్తా జవాబు చెప్పాడు. తాత "భేష్" అన్నాడు. లోపలికి రమ్మనలేదు. నేను రెండో పంక్తిలో తిన్నాను. అతను కాగితాల మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. అతను దాన్ని మరిచిపోలేదని తరువాత తెలిసింది. మరిచిపోనిది అతనొక్కడే కాదని అతనికీ తెలియజెప్పాను. ఆ సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

తాత పోయాక మా నాయన ఆ కుర్చీలో కూర్చున్నాడు. ప్రశ్నలు సాగాయి. తరువాత నాయన ఒక దగ్గరి చుట్టానికి పూచీ నిలబడ్డాడు. ఆ చుట్టం కనిపించకుండా పోయాడు, కోర్టు మా ఇంటికి వచ్చింది. వేలంలో ఇల్లు పోయింది. పడసాల, బీరువాలు, బీరువాల్లో పుస్తకాలు, కుర్చీ, అన్నీ కలిపి ఒకడే పాడుకున్నాడు. అప్పటికి గుమాస్తాగిరీ మాని పలకల వ్యాపారంలో పైకొచ్చిన ఆ మనిషే. మార్కాపురం పలక అంటే మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ప్రతి బడికీ తెలుసు. అందులో సగం అతని కొట్టులోంచి పోయేదని అతనే చెప్పుకునేవాడు.

మేము గిద్దలూరు చేరి అద్దె ఇంట్లో కాపురం పెట్టాం. నాయన అక్కడే నులకమంచం మీద పోయాడు. నాకు బోర్డు స్కూల్లో ఉపాధ్యాయుడి పని దొరికింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. నేను ఎవరి దగ్గరా ఏదీ అడగలేదు. నా తువాలు నేనే ఉతుక్కున్నాను, భుజం మీద మాత్రం మా తాత వేసుకున్నట్టే వేసుకున్నాను.

ఆ పలకల వ్యాపారి మా ఇల్లు పాడుకుని ఊరుకోలేదు. మా ప్రశ్నలు కూడా పాడుకున్నాడు. ఏటా దసరాకు మా పడసాలలో సభ పెట్టి, లోకజ్ఞానం ప్రశ్నల పోటీ అని చాటింపు వేయించడం మొదలుపెట్టాడు. కంభం నుంచి, కనిగిరి నుంచి కూడా చదువుకున్నవాళ్లు వచ్చేవారు. పోటీకి కూర్చున్నవాళ్లకు తలా ఒక కొత్త పలక, ఒక బలపం ఇచ్చేవాడు. తను మా కుర్చీలో కూర్చుని మా ఎర్రట్ట పుస్తకం చూసి ప్రశ్న అడిగేవాడు. అందరూ జవాబు రాసి, గంట కొట్టగానే పలక గుండెకు ఆనించుకోవాలి. అతను లేచి, తడిగుడ్డతో వరుస వెంట వచ్చి, ఒక్కొక్క పలకా తిప్పి చూసి, తుడిచి, సరి అనో తప్పు అనో గట్టిగా చెప్పేవాడు. తప్పు అనిపించుకున్నవాడు లేచిపోవాలి. చివరికి మిగిలినవాడికి అతను కుర్చీ ఖాళీ చేసి ఇవ్వాలి. ఆ పూట మొదటి తాంబూలం ఆ మిగిలినవాడిదే. పెళ్లిళ్లలో విడిదింట పొడుపుకథల పందెంలో గెలిచిన పక్షం ఓడిన పక్షాన్ని తిరిగి అడిగినట్టే, గెలిచినవాడు న్యాయనిర్ణేతను ఒక ప్రశ్న అడగవచ్చు.

"నన్ను లేపేటోడు ఎవుడుండాడో రాండి!" అని అతను ప్రతి ఏడూ సభ మొదట్లో తొడ చరిచేవాడట.

ఒక ఏడు నాకు అచ్చువేసిన ఆహ్వానం వచ్చింది. మా అమ్మ చూసి, "ఆ ఇంటి గడప మళ్ల తొక్కుతావా?" అంది.

"తొక్కాల. నాయన కుర్చీ ఆడుంది" అన్నాను. నాకు ఇల్లు వద్దు. బీరువాలు వద్దు. అతను ఆ కుర్చీలోంచి నా కోసం లేవాలి, నలుగురూ చూడాలి. అంతే నాకు కావలసింది.

రైలు దిగి, జట్కా ఎక్కి వెళ్లాను. అతను గుమ్మంలోనే ఎదురొచ్చాడు. చిన్నప్పుడు నన్ను చిన్నయ్యా అని పిలిచేవాడు.

"రా అయ్యోరా, రా. మీ ఇల్లే అనుకో" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

చివరికి ఇద్దరం మిగిలాం, నేనూ కంభం నుంచి వచ్చిన ఒక ప్లీడరూ. టర్కీ దేశానికి రాజధాని ఏది అని ప్రశ్న. ఆ పుస్తకం నాకు కంఠతా వచ్చు. అందులో ఉన్నది ఇస్తాంబులు. కానీ యుద్ధం అయిపోయాక అక్కడి రాజ్యమే మారింది, రాజధానిని అంగోరాకు, అంటే ఇప్పటి అంకారాకు, తీసుకుపోయారు. పత్రికల్లో నేనే చదివాను. అంగోరా అని రాశాను. అతను నా పలక తిప్పి చూసి, తడిగుడ్డతో ఒక్క తుడుపు తుడిచి, "తప్పు" అన్నాడు. ప్లీడరు ఇస్తాంబులని రాశాడు. "సరి" అన్నాడు.

నేను లేచి, రాజధాని మారిందని చెప్పాను. అతను ఎర్రట్ట పుస్తకం పైకెత్తాడు.

"ఇది ఎవురిది అయ్యోరా? ఈ ముద్ర ఎవురిది?"

"మా తాతది."

"మీ తాత తప్పు చెప్పినాడంటావా? అట్లయితే ఆ మాట అను. మా తాతకు తెల్వదు అను. అన్నావంటే ఇప్పుడే కుర్చీ దిగుతా, నువ్వే కూకో."

సభ అంతా నా మొహమే చూసింది. పుస్తకం పాతదైతే అచ్చువేసినవాడి తప్పూ కాదు, కొన్నవాడి తప్పూ కాదు. అది చెప్పడానికి రెండు మాటలు చాలు. కానీ అతను అడిగింది ఆ మాటలు కాదు. ఆ పడసాలలో, ఆ కుర్చీ ముందు, మా తాతకు తెలియదని నేను అనలేదు.

"అనడు" అన్నాడు అతను జనం వైపు తిరిగి. "అయినా ఏం రాసినాడో ఎవురికి ఎరుక? పలక తుడిచినాక ఇంగేముంటాది, వాళ్ల కాపురం మాదిరి!"

నవ్వులు వీధి దాకా వినిపించాయి. ప్లీడరు కుర్చీలో కూర్చున్నాడు. తాంబూలం తీసుకున్నాడు. ఆ మనిషి మర్యాదస్తుడు. కూర్చుంటున్నప్పుడు నా వైపు చూడలేదు. నేను తువాలు సర్దుకుని బయటికి నడిచాను.

ఆ ఏడాదంతా ఆ మాట నాతోనే ఉంది. పాఠం చెబుతున్నా ఉంది, అన్నం తింటున్నా ఉంది. నేను దాన్ని పోగొట్టుకోవాలని చూడలేదు. పొయ్యిలో నిప్పు ఆరకుండా బూడిద కప్పి ఉంచినట్టు ఉంచుకున్నాను.

దారి చూపింది మా బడిలో ఒక పిల్ల. తన పలకను ఎవరూ ఎత్తుకుపోకుండా దాని మీద మేకుతో తన పేరు గీక్కుంది. పలక పాడుచేసినందుకు కోప్పడి, తుడిచి చూపించమన్నాను. తడిగుడ్డతో తుడిచింది. పేరు లేదు. నల్లగా నిగనిగలాడుతోంది పలక. సరే పొమ్మన్నాను. కాసేపటికి ఆ పిల్ల పలక బల్ల మీద పెట్టి ఉంటే చూశాను. తడి ఆరింది. పేరు తెల్లగా తేలి ఉంది. బలపంతో రాసింది తుడిస్తే పోతుంది. ఇనుముతో గీకింది తడిలో దాక్కుంటుంది, ఆరాక బయటికి వస్తుంది. రాయి పుట్టిన ఊళ్లో పుట్టి, ఇన్నేళ్లు పలకల మధ్యే బతికి, ఈ సంగతి మీద నేను ఒక్కనాడూ మనసు పెట్టలేదు.

వేలంలో పోని వస్తువు మా ఇంట్లో ఒకటి ఉంది. మా పూర్వులు తాటాకుల మీద రాసిన ఇనుప గంటం. తుప్పుపట్టిన ముక్క అని జప్తుకు వచ్చిన కోర్టు అమీను దాన్ని పట్టించుకోలేదు. దాన్ని సాన పట్టించాను.

మరుసటి దసరాకు ఆహ్వానం రాలేదు. చాటింపు వేసిన పోటీకి ఆహ్వానం ఎందుకని పిలవకపోయినా వెళ్లాను. ఆ ఏడు సభకు కొత్త తాసీల్దారు అధ్యక్షుడు, సముద్రం వైపు జిల్లావాడు. పోటీలో వ్యాపారి అల్లుడు కూడా కూర్చున్నాడు. చెన్నపట్నంలో లా చదువుతున్నాడు, చేతికి గడియారం. కుర్చీ ఈసారి అల్లుడికని ఊరంతా అనుకుంటోంది.

"ఏం అయ్యోరా, పోయినేడు చాలలేదా?" అన్నాడు వ్యాపారి.

"చాలలేదు" అన్నాను.

ప్రశ్నలు మొదలయ్యాయి. తేనెటీగల్లో కుట్టేది ఆడదా మగదా? పాదరసం లోహమా కాదా? ఒంటె మూపురంలో ఏముంటుంది? నీళ్లని రాసినవాళ్లు ఆరుగురు లేచిపోయారు, ఉండేది కొవ్వు. నేను ప్రతిదానికీ బలపంతోనే రాశాను. అతను ప్రతిసారీ తుడిచాడు, సరి అన్నాడు. పోటీలో ఎక్కువమంది ఉన్నంతసేపు అతను నన్ను ముట్టుకోడని నాకు తెలుసు. చివరికి నేనూ అల్లుడూ మిగిలాం.

వ్యాపారి పుస్తకం పేజీలు తిప్పి, అల్లుడి వైపు ఒకసారి చూసి, అడిగాడు. "ఏ సముద్రంలో మనిషి పడినా మునగడు?"

పుస్తకంలో కుడిచేతి పేజీ, కింది నుంచి మూడో ప్రశ్న. తాత దాన్ని ఒకసారి మా నాయనను అడిగాడు. మృతసముద్రం. నేను మొలలోంచి గంటం తీసి తువాలు చాటున పట్టుకుని రాశాను. బలపం కీచుమన్నట్టే అదీ కీచుమంది. కాస్త గట్టిగా అదిమాను, అంతే. అతను సరి అంటే కుర్చీ ఒక్కటే పోతుంది. తప్పు అంటే మొహం కూడా పోతుంది. ఏది పోగొట్టుకోవాలో అతని ఇష్టానికే వదిలేశాను.

గంట కొట్టారు. అతను నా పలక తిప్పి చూశాడు. ఒక్క క్షణం ఆగాడు. తడిగుడ్డ వేసి, పలకను కొనేవాడికి చూపించేటప్పుడు మెరుపు తెప్పించినట్టు నిండుగా తుడిచి, నా చేతిలో పెట్టి, "తప్పు" అన్నాడు. అల్లుడి పలక కూడా తుడిచి "సరి" అన్నాడు. తరువాత పుస్తకం చూసి జవాబు చదివాడు, మృతసముద్రం.

"నేను రాసింది అదే" అన్నాను.

"మళ్ల అదే పాట! ఎవురు చూసినారు నాయనా? ఏదీ, పలక చూపించు."

పలక తిప్పి అందరికీ చూపించాను. తళతళలాడుతూ నల్లగా ఉంది. నవ్వులు లేచాయి. నేను తాసీల్దారు వైపు తిరిగి, "అయ్యా, ఈ పలకను తమ బల్ల మీద పెట్టండి. ఆరేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి. అంతకన్నా అడగను" అన్నాను.

"ఆరితే ఏమిటండీ?" అన్నాడాయన.

"ఆరితే తమరే చూస్తారు."

ఆయనకు వినోదంగా తోచిందేమో, పలక తీసుకుని ఎదురుగా ఆనించి పెట్టుకున్నాడు. కొండ మీదుగా పొడిగాలి వస్తోంది. సభలో గుసగుసలు.

"ఏందన్నా, అయ్యోరు పలక పూజ చేస్తుండాడా?"

"ఆరినాక వేయించుకుని తింటాడేమో, అప్పడం మాదిరి."

"ఉండబ్బా, చూడనీ!"

వ్యాపారి నవ్వుతూనే ఉన్నాడు. కానీ పలకల మనిషి కదా. మొదట అంచుల్లో తడి ఆరి రాయి బూడిదరంగుకు తిరుగుతున్నప్పుడు అతని నవ్వు ఆగింది. నేను పలకను చూడలేదు, అతన్నే చూశాను. పలకలో ఏముందో నాకు తెలుసు. అది అతని మొహంలోకి వస్తుంటే చూడటానికే ఏడాది ఆగాను.

ముందు చివరి అక్షరం తేలింది. తరువాత మొదటిది. నడిమి తడి రెండు వైపుల నుంచీ తగ్గుతూ వచ్చింది. తాసీల్దారు కళ్లద్దాలు సర్దుకుని పైకే చదివాడు. "మృత... సముద్రం."

జనంలోంచి ఎవరో, "ఓరి నీ! వచ్చెరా!" అన్నారు.

"ముందే ఇంట్లో గీకి తెచ్చినాడు!" అని అరిచాడు వ్యాపారి.

"పలక తమరు ఇచ్చింది. ప్రశ్న తమరు అడిగింది. ఇంతసేపూ ఇదే పలక మీద రాశాను, తమరే తుడిచారు. ఇది ముందే ఉంటే తమకు కనబడదా?" అన్నాను.

తాసీల్దారు అల్లుడి వైపు తిరిగాడు. "మీరేం రాశారు?"

ఆ కుర్రవాడు మామను చూశాడు, తాసీల్దారును చూశాడు. లా పూర్తి చేసి ఇలాంటి అధికారుల ముందే నిలబడి బతకాలి. "ఎర్ర సముద్రం, సార్" అన్నాడు నేల చూస్తూ.

"అయితే లేవండి మరి" అన్నాడు తాసీల్దారు వ్యాపారితో. "పద్ధతి మీరు పెట్టిందే కదా?"

అతను లేచాడు. ఆ కుర్చీ చేతుల చివర మామిడి పిందెలు చెక్కి ఉంటాయి. వాటిని రెండు చేతులతో పట్టుకుని, ఇష్టం లేని బరువు ఎత్తుతున్నట్టు తనను తాను ఎత్తుకున్నాడు. నేను వెళ్లి కూర్చున్నాను. వీపు ఆనించలేదు, మా తాతా ఆనించేవాడు కాదు. మొదటి తాంబూలం అతని చేతులతోనే ఇచ్చాడు, తీసుకున్నాను.

"నాకు ఒక ప్రశ్న ఉంది" అన్నాను.

"అడుగు" అన్నాడు.

"ఈ కుర్చీలో మా తాత కూర్చుని ప్రశ్నలు అడిగేటప్పుడు తమరు ఎక్కడ నిలబడి వినేవారు?"

అతను ఏమీ అనకముందే అతని కళ్లు గడప వైపు పోయాయి. సభలో పెద్దవాళ్ల కళ్లు కూడా పోయాయి. వాళ్లలో ఆ రోజులు చూసినవాళ్లు ఉన్నారు. నేను పలకా బలపమూ అందించి, "రాసి చూపించండి, పద్ధతి ప్రకారం" అన్నాను.

పలక పట్టుకుని నిలబడ్డాడు. బలపం పలకకు తగలలేదు. నేను తొందరపెట్టలేదు. ఆగడం నాకు అలవాటే. తాసీల్దారు గొంతు సవరించుకుని లేచాక, జనం ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. అందరూ వెళ్లేదాకా కుర్చీలోనే ఉండి, అప్పుడు లేచాను.

తరువాతి వారం మా అద్దె ఇంటి ముందు ఎద్దులబండి ఆగింది. బండిలో గడ్డి పరిచి కుర్చీ. వెంట వచ్చిన మనిషి, "మా అయ్య పంపినాడు. ఇది మీదేనంట, ఉంచుకోమన్నాడు" అన్నాడు.

మా అమ్మ బండి దగ్గరికి వెళ్లి మామిడి పిందె మీద చెయ్యి వేసింది. "దింపించు నాయనా" అంది.

"నేను గెలిచింది ఒక పూట కూర్చునే హక్కు. అది వాడుకున్నా. దానంగా వచ్చింది మన గడప లోపలికి రాదు" అన్నాను. బండివాడికి మజ్జిగ ఇప్పించి, కుర్చీని తిప్పి పంపాను. అమ్మ చాలా రోజులు నాతో ముభావంగా ఉంది. నేను సర్దిచెప్పలేదు.

ప్రశ్నల సభ మళ్లీ జరగలేదు. కుర్చీ మాత్రం అతని పడసాలలోనే, గుమ్మానికి ఎదురుగా ఉండిపోయింది. అందులో కూర్చుంటే ఊరు నవ్వుతుంది. అమ్మితే ఎందుకు అమ్మాడో చెప్పుకుంటుంది. అటక ఎక్కిస్తే భయపడ్డాడంటుంది. అతను దాని పక్కన చాప వేసుకుని కూర్చునేవాడట.

గిద్దలూరు నుంచి పలకలు కొనడానికి మార్కాపురం పోయే ప్రతివాడికీ నేను ఒక మాట చెప్పి పంపేవాణ్ణి. "ఆ దుకాణం ఆయన ఇంట్లో మంచి టేకు కుర్చీ ఉంది. ఎవరూ కూర్చోరు. ఎందుకని అడిగి రా." చాలామంది అడిగారు. నా బడికి పలకలు తేవడానికి పోయిన ఒక చుట్టం కూడా అడిగి వచ్చాడు.

"ఏమన్నాడు మామా?" అన్నాను.

"నన్ను లోపల కూకోబెట్టి, కుర్చీ గురించి అడగంగానే లేచిపోయినాడు. నేను వస్తాననే దాకా మళ్ల లోపలికి రాల్యా."

"ఎక్కడ ఉన్నాడు అంతసేపూ?"

"గడప అవతల నిలబడినాడు" అన్నాడు చుట్టం.

ఆ పూట మా ఇంట్లో అన్నానికి ముందు, చాలా ఏళ్ల తరువాత, నేను నా పిల్లల్ని పిలిచి తలా ఒక ప్రశ్న అడిగాను.